మెత్తని కొన, గట్టి నడుము

దుప్పటి మూలలు రెండూ రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క విదిలింపు విదిలించింది మడతక్క. అంత పెద్ద దుప్పటీ గాల్లో కడవలా ఉబ్బి, ఆవిరి కక్కుతున్న బల్ల మీద మెల్లగా వాలింది. ఇస్త్రీ పెట్టె ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే తీరుగా సాగింది. గోడకి బాగా ఎత్తున ఒకటే కిటికీ. దాంట్లోంచి దిగే వెలుతురు ఆవిరిలో కలిసి, గదంతా పాలు పొంగినట్టుంది. ఒక పక్క ఉతుకు మిషన్లు గుడగుడలాడుతున్నాయి. ఇంకో పక్క గోడ వారగా హోటలు నుంచి వచ్చిన దుప్పట్లు, గలీబులు, తుండుగుడ్డలు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి.

ఆమెకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. చుట్టూ సాగే పట్టీ కుట్టిన పరుపు దుప్పట్లని ఎవరు మడిచినా చివరికి బట్టల మూటలా తయారవుతాయి. ఆమె మడిస్తే మాత్రం అట్ట వేసిన పుస్తకంలా వస్తాయి. ఆమె గురించి లోకం చెప్పుకోదగ్గ సంగతి అదొక్కటే. అది కూడా ఆ గది దాటి బయటికి పోలేదు. తన మంచం మీద ఆ రాత్రి పరిచిన దుప్పటిని ఎవరు మడిచారని ఏ హోటల్లో ఎవడు అడుగుతాడు?

ఇవాళ మాత్రం చెయ్యి ఒకచోట, మనసొకచోట. వేసిన మడతే మళ్లీ విప్పి మళ్లీ వేసింది. పక్క బల్ల దగ్గర గలీబులు ఇస్త్రీ చేస్తున్న పిన్ని ఆ సంగతి చూడనే చూసింది. పిన్ని అంటే వరసకి పిన్నేం కాదు. ఆ గదిలో అందరికన్నా పెద్దది, అందరికన్నా నోరున్నది.

"ఏమే, ఆ దుప్పటి మీద ఎవరి మొహం కనపడుతోంది నీకు? అంతలా రుద్దుతున్నావు?"

"ఎవరిదీ కాదులే పిన్నీ. మధ్యాహ్నం నుంచి సెలవడిగాను మేస్త్రీని. రేవు దాకా వెళ్లాలి."

పిన్ని చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. "రేవుకా? నువ్వా? ఆ ఎరలావిడ జుట్టు పట్టుకోడానికా?"

"కాదు. సాయం అడగడానికి."

పిన్ని నోరు తెరిచింది. ఏ మాటా రాక మళ్లీ మూసింది. మాట లేకుండా ఆ నోరు మూతపడటం ఆ గదిలో అదే మొదలు.

మడతక్క మొగుణ్ణి అందరూ సరంగు అంటారు. నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని చేరవేసే లాంచీని వయసంతా అతనే నడిపాడు. కుడి భుజం పట్టేసి, చుక్కాని తిప్పలేక పని మానేశాడు. పని పోయినా పేరు పోలేదు. ఇంట్లో కూర్చోమంటే గోడలు కరుస్తున్నాయంటాడు. అందుకని పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని, గాలం కర్ర ఎడమ భుజాన వేసుకుని, నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోయి రాళ్లగట్టు మీద కూర్చుంటాడు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ పెనుగులాడే ఆ సుడుల్లో పెద్ద పెద్ద పండుగప్పలు తిరుగుతాయి. మనిషి తొడంత లావు ఉంటాయట. గాలానికి ఎర గుచ్చి, నీళ్లలోకి విసిరి, చేప దయ తలిచేదాకా కూర్చోవడమే సరంగు పని. పోటు వచ్చేదాకా ఒక కూర్చోవడం, పోటు తీసేదాకా ఇంకో కూర్చోవడం.

అతను కూర్చునే చోటుకి పక్కనే రేవు మెట్లు. మెట్ల వార రేకుల పందిరి కింద, ఐసు మీద రొయ్యలూ చేప ముక్కలూ పరుచుకుని అమ్మే మనిషి ఎరలావిడ.

ఆ పేరు మడతక్క ఇంట్లోకి చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది. "రేపు దక్షిణపు గాలి తిరుగుతుందట, ఎరలావిడ చెప్పింది." "రొయ్యని తోక దగ్గర్నుంచి గుచ్చాలట, ఎరలావిడ అంది." ఒకరోజు పొద్దున్న, "టీలో చక్కెర తగ్గించు, ఎరలావిడ అంటోంది ఈ వయసులో..." అని ఇంకా మాట పూర్తి చెయ్యకుండానే మడతక్క గ్లాసుని బల్ల మీద ఠపీమని పెట్టింది. టీ సగం బల్ల తాగింది. ఆ చక్కెర ఆమె తగ్గించలేదు. పైగా ఇంకో చెంచా పెంచింది.

తప్పుడు పని ఏమీ లేదని ఆమెకి తెలుసు. ఉంటేనే బాగుండునేమోనని కూడా ఒక్కోసారి అనుకునేది. తప్పయితే నలుగురిలో పెట్టి నిలదీయొచ్చు. గాలి గురించీ పోటు గురించీ మాట్లాడుకుంటున్నారని ఏ పెద్దమనిషి దగ్గరికి పోయి పంచాయితీ పెడుతుంది? ఒకసారి బస్సు కిటికీలోంచి చూసింది. ఎరలావిడ వీపు కనపడింది, ఆ వీపు నవ్వుతోంది. ఎదురుగా సరంగు కూడా నవ్వుతున్నాడు. ఇంట్లో నవ్వితే పళ్లు ఊడిపోతాయేమో అన్నట్టుండే మనిషి! బస్సు మలుపు తిరిగిపోయింది. ఆ నవ్వు మాత్రం మడతక్క కళ్లలో నలుసులా ఉండిపోయింది.

అన్నిటికన్నా మంట పుట్టించింది ఆవిడ పిలుపు. "సరంగుగారూ" అంటుందట. అన్నా అంటే గొడవే లేకపోయేది. బాబాయ్ అన్నా సరే. ఏ వరసా కలపకుండా గారు ఒకటి తగిలించి ఊరుకుంది. వరస లేని చోట మనిషి దేన్నయినా ఊహించుకోగలడు.

ఇదంతా ఇలా నడుస్తూ ఉండగా, పోయిన వారం పెద్దచేప ఒకటి సరంగు ఎర పట్టుకుంది. పాత కర్ర నడిమికి విరిగింది. చేపా, గాలం, దారం, సగం కర్రా అన్నీ నదిపాలయ్యాయి. మిగిలిన సగాన్ని చేత్తో పట్టుకుని, ఎవరో చెయ్యి ఊడదీసి ఇచ్చినట్టుగా ఇంటికి వచ్చాడు. ఆ రోజు మొదలు గోడ వైపు తిరిగి పడుకోవడమే. కొత్తది కొనుక్కో అంటే "ఎందుకులే ఇప్పుడు" అంటాడు. తినమంటే తింటాడు, లేవమంటే లేస్తాడు. గొణగడం కూడా మానేశాడు. అది చూసి ఆమెకి భయం వేసింది.

నిన్న పని నుంచి వస్తూ తనే గాలాల షాపులోకి వెళ్లింది. లోపల కర్రలు చెరకు తోటలా నిలబడి ఉన్నాయి. షాపతను మర్యాదగానే అడిగాడు. "విసిరి లాగడానికా, ఎర వేసి కూర్చోడానికా? కొన మెత్తగా కావాలా, బిగువుగానా? ఒడ్డు ఎలా ఉంటుంది, ఇసకా రాళ్లా? పిడి ఎంత పొడుగుండాలి?" ఆమె ఒక కర్ర పిడి పట్టుకుని చూసి, వదిలేసింది. "పోనీ, ఆయన ఎలా పడతారో అదైనా చెప్పండమ్మా" అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన చేప పట్టడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. అది తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. రాత్రంతా ఆ మాట మింగుడు పడలేదు. పొద్దున్నే లేచి మింగింది.

*

మధ్యాహ్నపు ఎండలో రేవు మెట్ల మీద ఎవరూ లేరు. నీళ్లు పాటు మీద, వెనక్కి తీసి ఉన్నాయి. గట్టు రాళ్ల మీద పాచి బయటపడి నల్లగా మెరుస్తోంది. మడతక్క చీపురు పుల్లలా బిగుసుకుని నడిచింది. పెట్టెలోని మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. వాటి మడత గీతలు కత్తి అంచుల్లా ఉన్నాయి.

ఎరలావిడని చూసి ముందు నిరాశపడింది. ఇన్నాళ్లూ మనసులో ఎవరినో నిలబెట్టి పోట్లాడింది. ఎదురుగా ఉన్నది పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మగవాళ్ల పాత చొక్కా. ముందు పన్ను ఒకటి లేదు. ఐసులో నానీ నానీ వేళ్లు వాచి, ఎర్రగా, ఉడికించిన రొయ్యల్లా ఉన్నాయి. కుళ్లుకోడానికి ఏముంది ఈ మనిషిలో అనుకుంది. అంతలో పక్కనే బోర్లించిన చెక్క పెట్టె కనపడింది. దాని మీద నాలుగు మడతలు వేసిన గోనెసంచి. సంచి మధ్యలో మనిషి కూర్చుని కూర్చుని పడిన గుంట. ఆ గుంట ఎవరిదో ఆమెకి తెలుసు. ఇంట్లో పరుపు మీద కూడా అదే గుంట ఉంది. చల్లారిందనుకున్న మంట మళ్లీ భగ్గుమంది.

"సరంగుగారి ఇంటావిడ కదూ?" అంది ఎరలావిడ. "రండక్కా, నీడలోకి రండి. ఆయనకి ఒంట్లో బాగుందా? వారమైంది కనపడి."

అక్కా అనగానే మడతక్క బుర్రలో లెక్క గిర్రున తిరిగింది. తను అక్క అయితే ఆయన ఏమవుతాడు? బావ! ఇంతకన్నా గారే నయం.

"అక్కా అనకండి. వదినా అనండి."

ఎరలావిడ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. పన్ను లేని ఆ సందు కనపడేలా పకపకా నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు. అదే మడతక్కకి ఇబ్బందిగా అనిపించింది.

"సరే వదినా. చెప్పండి."

చెప్పింది. కర్ర విరిగిన సంగతి ఆవిడకి తెలుసు, కళ్లారా చూసింది. గోడ వైపు తిరిగి పడుకున్న సంగతి తెలియదు. అది విని నవ్వడం ఆపేసింది. "నాకు కర్రల సంగతి తెలియదు. మీకు తెలుసని..." అంటూ మడతక్క మాట మధ్యలో ఆపేసింది. ఎరలావిడ ఇంకేమీ అడగలేదు. రొయ్యల మీద తడి గోనె కప్పి, చేతులు చొక్కాకి తుడుచుకుని, "పదండి" అంది.

షాపతను నల్లగా నిగనిగలాడే కర్ర ఒకటి తీసి ఇద్దరి ముందూ పెట్టాడు. ఈకలా తేలిగ్గా ఉంది. మడతక్క కళ్లకి బాగా నచ్చింది. ఎరలావిడ కొన పట్టుకుని కొంచెం వంచి, వదిలేసింది.

"ఇది కాదు వదినా. ఇది విసిరి లాగి, విసిరి లాగి తిరిగే కుర్రాళ్లకి. కొన బిగువుగా ఉంది. ఆయన ఎర వేసి కూర్చునే మనిషి. పెద్దచేప ఎర కనపడగానే మింగెయ్యదు. ముందు పెదాలతో పట్టుకుని చూస్తుంది, సంబంధం చూసినట్టు. అప్పుడు కొన బిగుసుకుంటే అనుమానం వచ్చి వదిలేస్తుంది. కొన మెత్తగా వంగి దాంతో పాటే పోవాలి. మింగిన తర్వాత ఆపాలంటే మాత్రం నడుములో బలం ఉండాలి. కొన మెత్తన, నడుము గట్టి. అలాంటిది కావాలి."

"మా వాళ్లందరూ ఇదే అడుగుతున్నారమ్మా ఇప్పుడు" అన్నాడు షాపతను, నల్ల కర్రని వదల్లేక వదల్లేక.

"వాళ్లకిచ్చుకో బాబూ. మాకు వద్దు."

ఆ "మాకు" మడతక్కకి చురుక్కుమంది.

వెనక వరసలోంచి కర్రలు ఒక్కొక్కటే దింపించింది ఎరలావిడ. ఒకటి పొట్టి. "గట్టు ముందు రాళ్లున్నాయి. పొట్టిదైతే దారం రాళ్లకి రాసుకుని తెగుతుంది." ఒకటి మరీ పొడుగు. "ఇది ఇసక ఒడ్డున అలల మీదికి విసరడానికి. ఆయన కుడి భుజం చెవి దాకా కూడా లేవదు, దీన్నెలా విసురుతారు?" ఒకదాని పిడి చిన్నది. "చంకలో ఇరికించుకుని ఎడమ చేత్తో రీలు తిప్పుతారు. పిడి మోచెయ్యి దాటి వెనక్కి రావాలి."

మడతక్క వింటోంది. ఆ భుజానికి రోజూ రాత్రి నూనె రాసేది తను. ఎంత దాకా లేస్తుందని అడిగితే, "బానే లేస్తోందిలే" అంటాడు. చెవి దాకా లేవదని ఈవిడకి తెలుసు. తనకి అబద్ధం, ఈవిడకి నిజం! కాదులే, ఈవిడకి కూడా చెప్పి ఉండడు, ఈవిడే చూసి ఉంటుంది. ఆ ఊహ ఇంకా పాడుగా ఉంది.

చివరికి ముదురు ఆకుపచ్చ కర్ర ఒకటి మిగిలింది. చూడ్డానికి ఏ సొగసూ లేదు. నల్లదానికన్నా బరువు. "గాజు పీచుతో చేసింది, రాళ్ల మీద పడినా పగలదు" అన్నాడు షాపతను. ఎరలావిడ దాన్ని అటూ ఇటూ ఆడించి చూసి, రీలు బిగించమని, దారం రింగుల్లోంచి దూర్చమని చెప్పింది.

"రండి వదినా, వీధిలోకి. మీరు కర్ర పట్టుకోండి. నేను చేపని."

షాపు ముందు సందులో మడతక్క కర్ర పట్టుకుని నిలబడింది. పిడి చంకలో పెట్టించి, ఎడమ చెయ్యి ఎక్కడుండాలో చూపించింది ఎరలావిడ. తర్వాత మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, దాని మీద దారం కొస కట్టుకుని, బూట్లు టపటపలాడించుకుంటూ సందు చివర దాకా వెనక్కి నడిచింది. ఎదురింటి మెట్ల మీద కూరగాయలు తరుగుతున్న ఆవిడ కత్తి పక్కన పెట్టేసి చూస్తోంది.

ముందు మెల్లగా లాగింది. కొన వంగింది, తలూపినట్టు వంగింది. పిడిలోంచి మడతక్క అరచేతిలోకి సన్నగా ఒక వణుకు పాకింది. ఇదన్నమాట! పొద్దస్తమానం ఆ రాళ్ల మీద కూర్చుని ఆయన ఎదురుచూసేది ఈ వణుకు కోసమన్నమాట.

"ఇప్పుడు పారిపోతున్నాను, పట్టుకోండి!" అని అరిచి, ఎరలావిడ వెనక్కి తిరిగి బలంగా లాగింది. రీలు కీచుమంది. మడతక్క కాళ్లు ఎడం చేసి నిలబడింది. తడి దుప్పట్లు పిండిన చేతులవి, ఇస్త్రీ పెట్టె మోసిన చేతులవి. అవి ఇప్పుడు దేన్ని లాగుతున్నాయో వాటికే తెలుసు. టీలో చక్కెర, దక్షిణపు గాలి, బస్సు కిటికీలోంచి కనపడిన వీపు, గోనె మీద గుంట, అన్నీ కలిపి లాగింది. కర్ర నడుము దాకా విల్లులా వంగింది. ఇంకా లాగింది. విరగలేదు. ఎరలావిడ ఒక అడుగు ముందుకి వచ్చింది, ఇంకో అడుగు వచ్చింది. బూటు జారి, చెయ్యి చాచిన మనిషి చాచినట్టే మోకాళ్ల మీద పడింది.

మడతక్క చేతులు ఆగిపోయాయి.

"అబ్బో!" అంది ఎరలావిడ, కింద కూర్చునే రొప్పుతూ. "నన్ను వండుకు తినేద్దామనే! ఇదే వదినా, ఇదే కర్ర. ఇంక చూడక్కర్లేదు."

మడతక్క పరిగెత్తుకెళ్లి లేవదీసింది. గుడ్డ చుట్టినా మణికట్టు మీద దారం ఎర్రగా కోసుకుంది. "దెబ్బ తగిలిందా?" అంది. "ఐసులో పెడితే తెలియదులెండి" అంది ఎరలావిడ.

షాపులో డబ్బిచ్చే ముందు మడతక్క పిడి మీద చెయ్యి వేసి ఆగింది. నల్ల రబ్బరు పిడి.

"దీనికి రబ్బరు కాకుండా, మెత్తటి బెరడుతో చేసినది ఉంటుందా?"

"బెండు పిడా? ఇందులోనే ఉంది. ఎందుకమ్మా?"

"ఆయన అరచేతికి రబ్బరు పడదు. పొక్కులొస్తాయి. సరంగు పని మొదలెట్టిన కొత్తల్లో చుక్కానికి రబ్బరు తొడుగుంటే, చెయ్యంతా పచ్చిపుండైంది. నేనే గుడ్డ చుట్టి కుట్టిచ్చాను."

ఎరలావిడ ఆశ్చర్యంగా చూసింది. "నాకెప్పుడూ చెప్పలేదే!"

అబ్బ, ఆ ఒక్క మాటకి మడతక్క ప్రాణం లేచి వచ్చింది. ఈవిడకి తెలియనిది ఒకటుంది! తన వల్ల మణికట్టు కోసుకుపోయిన మనిషి ముందు ఇలా సంబరపడటం పాపమేమో. అయినా సంబరపడింది.

*

రేవు దాకా వెనక్కి నడుస్తూ, దారిలో టీకొట్టు దగ్గర ఇద్దరూ ఆగారు. పొడుగాటి కర్ర గోడకి ఆనించి, గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

"వదినా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరంటే నాకు భలే కుళ్లు."

మడతక్క గ్లాసు పెదాల దగ్గర ఆగింది. "నేనంటేనా?"

"మరి! రోజూ మధ్యాహ్నం ఆయన డబ్బా విప్పుతారు. దానికి చుట్టిన గుడ్డ. రొయ్యల కంపులో, చేప పొలుసుల మధ్య, అంత తెల్లటి గుడ్డ, ఇస్త్రీ గీతలతో. ఆయన దాన్ని పరుచుకుని, తిని, చెయ్యి తుడుచుకుని, నలిపి జేబులో కుక్కేస్తారు. మర్నాడు మళ్లీ ఇస్త్రీ గీతలతో వస్తుంది. ఏం మనిషిరా బాబూ, నలిపేసే గుడ్డకి ఇస్త్రీ! నాకు ఎవరూ ఏ గుడ్డా మడత పెట్టలేదు వదినా పుట్టి బుద్ధెరిగిన తర్వాత. చూసినప్పుడల్లా కళ్లు కుట్టేవి. మీరెలా ఉంటారో చూడాలని ఉండేది. చూశాను, బాగుంది. వెళ్లేముందు చూశాను."

"ఎక్కడికి వెళ్లేముందు?"

"మా తమ్ముడి దగ్గరికి. కొండ మీద ఊరు. సాయంత్రం బస్సుకి." వాచిన వేళ్లు విప్పి చూపించింది. "ఇవి ఇక ముడుచుకోవడం లేదు. డాక్టరు ఐసు ముట్టుకోవద్దన్నాడు. ఐసు ముట్టుకోకుండా రొయ్యలెలా అమ్మేది? పందిరి నిన్ననే అమ్మేశాను."

"ఆయనకి తెలుసా?"

"చెప్పలేదు. చెప్తే ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడాలి కదా. మాకు పోటు సంగతీ గాలి సంగతీ తప్ప మాటలు రావు." గ్లాసు కడిగి బల్ల మీద పెట్టింది. "మీరే చెప్పండి. కర్ర నేను ఎంచానని మాత్రం చెప్పొద్దు. మీరు తెచ్చారు, మీదే."

నిజానికి ఆ క్షణం కోసం మడతక్క ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఆ మనిషి పోవాలి, అంతే. పోతోంది. గుండె ఒక్కసారి తేలికపడింది కూడా. కానీ ఇంటి వైపు నాలుగడుగులు వేసేసరికి కొత్త ముల్లు ఒకటి గుచ్చుకుంది. ఈవిడ పోయిందని తెలిస్తే ఆయన బాధపడతాడు. ఎంత బాధపడతాడు? రేపు తను పోతే అంత బాధపడతాడా? పోయినవాళ్లతో పోటీ పడటం ఎవరి తరం!

*

ఇంట్లో ఉన్నది ఒక గదీ, దాని వెనక వంటకి ఇంత చోటూ. ఆకుపచ్చ కర్ర ఆ మూల నుంచి ఈ మూలకి ఏటవాలుగా పెడితే గానీ పట్టలేదు. సరంగు గోడ వైపు తిరిగే ఉన్నాడు.

"ఏమయ్యా, ఇటు తిరుగు."

తిరిగాడు. చూశాడు. లేచి కూర్చున్నాడు. "ఎవరడిగారు నిన్ను? డబ్బులెక్కువయ్యాయా?" అంటూనే చెయ్యి చాపాడు. కొన పట్టుకుని వంచాడు, వదిలాడు. అది మెత్తగా ఊగి, నెమ్మదిగా నిలబడింది. పిడిని చంకలో ఇరికించుకున్నాడు. మోచెయ్యి దాటి సరిగ్గా వెనక్కి వచ్చింది. అరచెయ్యి పిడిని చుట్టుకుంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. వేళ్లు మెల్లగా ఆ బెరడుని నిమిరాయి.

"ఎవరు చెప్పారు నీకు ఇలాంటిది తెమ్మని?"

"షాపతను" అంది మడతక్క. ఆవిడ చెప్పొద్దన్నందుకు అలా అందో, కర్ర తన ఎంపికేనని దక్కించుకోవాలని అందో ఆమెకే తెలియలేదు.

సరంగు "ఊఁ" అన్నాడు. కిటికీలోంచి చెట్ల కొనలు ఎటు ఊగుతున్నాయో చూశాడు. "పోటు మొదలై ఉంటుంది" అని చొక్కా తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "వస్తావా?"

ఎప్పుడూ అడగని మాట. "వంట..." అనబోయి, తాళం చెవి తీసుకుంది.

వాళ్లు చేరేసరికి ఎండ పసుపుపచ్చగా పల్చబడింది. నీళ్లు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. పందిరి ఖాళీగా ఉంది. ఐసు కరిగిన తడి ఇంకా నేల మీద ఉంది. సరంగు అటూ ఇటూ చూశాడు.

"ఇవాళ తొందరగా కట్టేసిందే!"

మడతక్క దారంతా తయారుచేసుకున్న మాటలన్నీ మర్చిపోయింది. "వెళ్లిపోయింది. తమ్ముడి దగ్గరికి. ఇక రాదు."

సరంగు కదల్లేదు. చేతిలో కర్ర కొన మాత్రం గాలికి సన్నగా ఊగుతోంది.

"నాకు చెప్పలేదు."

"చెప్తే ఏదో ఒకటి మాట్లాడాలి కదా అంది."

ఆ మాట అతనికి పూర్తిగా అర్థమైనట్టు తలూపాడు. ఆ ఊపు మడతక్కకి గుచ్చుకుంది. గుచ్చుకున్నా, ఇంకోటి కూడా చెప్పేసింది. "కర్ర కూడా ఆవిడే ఎంచింది. షాపతను కాదు."

"తెలుసు. షాపతనైతే నల్లది అంటగట్టేవాడు." పిడి బెరడు మీద బొటనవేలు ఆడించాడు. "పిడి మాత్రం ఆవిడ కాదు" అన్నాడు.

మడతక్క మొహం పక్కకి తిప్పుకుంది. ఇన్నేళ్లుగా తను కుళ్లుకున్న మనిషి ఈపాటికి ఏ బస్సులోనో, మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, కొండ వైపు పోతూ ఉంటుంది. ఇక చూసి ఏడుద్దామన్నా ఎదురుగా మనిషి లేదు. మంట మాత్రం ఉంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా.

"బాధగా ఉందా?"

"రేపు గాలెటు తిరుగుతుందో ఎవరు చెప్తారా అని."

"నాకేం తెలుసు గాలి సంగతి." మొహం ఇటు తిప్పింది. "నువ్వే చెప్పు. నేను వింటాను."

సరంగు ఆమె వైపు చూశాడు. ఎర కోసమని అలవాటు చొప్పున పందిరి కింద వంగి చూశాడు. అక్కడ వెనక స్తంభం నీడలో తడి గోనె కప్పిన బకెట్ ఒకటి ఉంది. గోనె తీశాడు. నీళ్లలో నాలుగు కొయ్యింగ చేపపిల్లలు, వేలెడు పొడుగున, వెండిలా మెరుస్తున్నాయి.

"బతికున్నవి" అన్నాడు మెల్లగా. "ఇవి ఆవిడ ఎవరికీ అమ్మదు. తెల్లారకముందే వల వేసి పట్టాలి. పెద్దచేపకి ఇంతకన్నా మంచి ఎర లేదు."

కుడి చెయ్యి బకెట్లోకి చాపబోయి, భుజం సహకరించక ఆగాడు. మడతక్క బకెట్ పక్కన కూర్చుని, మంచి బట్టలతోనే చెయ్యి మోచెయ్యి దాకా ముంచింది. జారి జారి పోయింది చేప. మళ్లీ ముంచింది, పట్టుకుంది. అరచేతిలో అది గిలగిల్లాడింది. తీసి మొగుడికి అందించింది. అతను దాని వీపు మీద గాలం నాజూగ్గా గుచ్చి, ఎడమ చేత్తో కర్ర వెనక్కి తెచ్చి, నదిలోకి విసిరాడు. దారం సన్నగా ఈలవేస్తూ పోయింది.

"ఇప్పుడు పడమటి గాలి" అన్నాడు. "పోటు ఎక్కేదాకా ఇలాగే ఉంటుంది."

"ఊఁ" అంది మడతక్క.

వాళ్ల వెనకాల, పందిరి నీడలో, బకెట్ అంచుకి తగిలించిన చిన్న బ్యాటరీ గాలి మోటారు గుర్రుమంటూ నీళ్లలోకి బుడగలు వదులుతూనే ఉంది. దాని కింద మిగిలిన మూడు చేపపిల్లలూ ఒకే వైపు తలలు పెట్టి నిలబడి ఉన్నాయి.